తీగల మధ్య మీటరు ఎడం: గుణుపురం శీతల గదిలో ఇంపెడెన్స్ కొలిచిన కేసు

తెల్లవారుజామున కంప్రెసర్ ఆగిపోతోంది. మధ్యాహ్నం అదే కంప్రెసర్ అంతే లోడు పడినా సాయంత్రం దాకా హాయిగా నడుస్తోంది. వోల్టేజి పడిపోతోందనుకుని పాత కేబుల్ తీసేసి లావుది వేశారు. వేసిన మర్నాటి నుంచి ఆగడం ఇంకా ఎక్కువైంది. ఫోనులో రైతుల సంఘం వాళ్లు నాకు చెప్పిన సంగతి ఇంతే. ఆఖరి మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. కేబుల్ లావైతే వోల్టేజి మెరుగుపడాలి. జబ్బు తగ్గకపోగా ముదిరిందంటే మనం అనుకుంటున్న జబ్బు అది కాదన్నమాట.

చోటు ఒడిశాలోని రాయగడ జిల్లా, గుణుపురానికి కాస్త దూరంలో వంశధార పరీవాహకంలో ఒక పల్లె. సంతలో ఒడియా, తెలుగు, సవర మూడూ కలిసి వినిపించే ప్రాంతం. నౌపడా నుంచి గుణుపురం వెళ్లే రైలు ఒకప్పటి పర్లాకిమిడి చిన్న రైలు. 2011లో బ్రాడ్‌గేజి అయింది. నా పరికరాల పెట్టెలు ఆ బండిలోనే తెచ్చుకున్నాను. రైతుల సంఘం వాళ్లు వంకాయ, టమాటా నిలవ పెట్టుకోవడానికి సౌర విద్యుత్తుతో నడిచే చిన్న శీతల గది కట్టుకున్నారు. సంఘం భవనం పైకప్పు మీద పలకలు, కింది గదిలో 48 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు. శీతల గది మాత్రం కళ్లానికి అవతల, కేబుల్ దారి పట్టుకుంటే 40 మీటర్లు. అక్కడ కంప్రెసర్ మోటారును తిప్పే డ్రైవ్ నేరుగా 48 వోల్టుల డీసీ నుంచి కరెంటు తీసుకుంటుంది. రాత్రంతా కాయగూరలు పెట్టి తలుపు మూసిన గదిని తెల్లవారుజామున గట్టిగా చల్లబరచాలి కాబట్టి ఆ వేళ డ్రైవ్ 2,400 వాట్ల దాకా లాగుతుంది. గది చల్లబడ్డాక 1,200 వాట్లు చాలు.

ముందు వచ్చినవాళ్ల ఆలోచనలో తప్పేమీ లేదు, అది ఎవరికైనా తట్టేదే. డ్రైవ్ తెర మీద తక్కువ వోల్టేజి సంకేతం వస్తోంది. 2,400 వాట్లంటే 48 వోల్టుల దగ్గర 50 ఆంపియర్లు. మొదట వేసింది 25 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్. దాని నిరోధం మీటరుకు 0.727 మిల్లీఓమ్‌లు. రానుపోను 80 మీటర్లకు 58 మిల్లీఓమ్‌లు. అంటే కేబుల్‌లోనే 2.9 వోల్టులు పోతున్నాయి. 35 చదరపు మిల్లీమీటర్లది వేస్తే 42 మిల్లీఓమ్‌లు, పోయేది 2.1 వోల్టులు. లెక్క సరిగానే ఉంది. ఖర్చు పెట్టారు, వేశారు. అంతకుముందు పూర్తి లోడు పడినప్పుడే ఆగేది, ఆ తరువాత 2,000 వాట్ల దగ్గరే ఆగడం మొదలైంది.

నాకు దారి చూపింది గదిని కనిపెట్టుకుని ఉండే పెద్దాయన. చలికి దుప్పటి కప్పుకుని డ్రైవ్ పక్కనే నిలబడి అన్నాడు: "ఆగే ముందు ఇది తుమ్మెదలా రొద పెడుతుంది బాబూ. రెండు మూడు లెక్కపెట్టేలోగా ఆగిపోతుంది." అంతకుముందు వచ్చినవాళ్లకు కూడా ఈ మాట చెప్పాడట. మల్టీమీటరు చూసి 46 వోల్టులు స్థిరంగా ఉన్నాయని వాళ్లు వెళ్లిపోయారు. మల్టీమీటరు డీసీ వైపు సగటును చూపిస్తుంది. సెకనుకు వందలసార్లు ఊగే వోల్టేజి దానికి కనబడదు. వోల్టేజి అలను తెర మీద గీసి చూపించే ఆసిలోస్కోపు పెట్టి మర్నాడు తెల్లవారుజామున లోడు పెంచమన్నాను. తెర మీద 46 వోల్టుల గీత సన్నగా వణకడం మొదలైంది. వణుకు అలలా మారి, అల పెరిగి, దాని అడుగు 40 వోల్టులను తాకింది. డ్రైవ్ ఆగింది. అల సెకనుకు సుమారు 510 సార్లు ఊగుతోంది. పెద్దాయన విన్న తుమ్మెద అదే.

సగటు వోల్టేజి బాగానే ఉంది. వ్యవస్థ ఊగిపోతోంది.

ఎందుకు ఊగుతుందో చెప్పడానికి కొంచెం వెనక్కి వెళ్లాలి. మామూలు నిరోధానికి వోల్టేజి తగ్గితే కరెంటూ తగ్గుతుంది. డ్రైవ్ అలా కాదు. మోటారు వేగం తగ్గకూడదన్నది దాని పట్టుదల. వోల్టేజి తగ్గితే లోపలి కంట్రోలు ఎక్కువ కరెంటు లాగి అదే శక్తిని నిలబెడుతుంది. చిన్న మార్పుల విషయంలో అది ఋణ నిరోధంలా నడుచుకుంటుంది. ఆ విలువ వోల్టేజి వర్గాన్ని వాట్లతో భాగిస్తే వస్తుంది: 48 వోల్టులు, 2,400 వాట్లయితే 0.96 ఓమ్‌లు, ముందు ఋణ గుర్తుతో. ఇక కేబుల్‌కు ఇండక్టెన్స్ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) ఉంటుంది, డ్రైవ్ నోట్లో కెపాసిటర్ (చార్జి దాచుకునే భాగం) ఉంటుంది. ఆ రెండూ కలిస్తే ఉయ్యాల. అట్లతద్దికి చెట్టుకు కట్టిన ఉయ్యాల ఊపడం ఆపేస్తే కాసేపటికి తనంతట తానే నిలుస్తుంది, తాడు రాపిడి, గాలి దాన్ని ఆపుతాయి. కేబుల్ నిరోధం చేసేది ఆ రాపిడి పనే. డ్రైవ్ చేసేది సరిగ్గా ఎదురు పని, ప్రతి ఊపుకూ వెనకనుంచి ఓ తోపు తోస్తుంది. రాపిడి కంటే తోపు ఎక్కువైన నిమిషాన ఊపు పెరుగుతూ పోతుంది.

లావు కేబుల్ వేసినవాళ్లు తీసేసింది ఆ రాపిడినే. 16 మిల్లీఓమ్‌లు.

ఈ సంగతి కొత్తది కాదు. 1976లో అమెరికాలోని కాల్టెక్ ఆచార్యుడు ఆర్. డి. మిడిల్‌బ్రూక్ డ్రైవ్ లాంటి కన్వర్టరుకు ముందు పెట్టే ఫిల్టరు గురించి రాస్తూ చెప్పిన నియమం ఇదే: సరఫరా వైపు ఇంపెడెన్స్ (ఊగే కరెంటుకు ఎదురయ్యే మొత్తం అడ్డు), కన్వర్టరు ఇన్‌పుట్ ఇంపెడెన్స్ కంటే అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా బాగా తక్కువగా ఉండాలి. దాని వెనక ఉన్నది 1932లో ఇంజినీరు హ్యారీ నైక్విస్ట్ ఇచ్చిన పరీక్ష. రెండు ఇంపెడెన్స్‌ల నిష్పత్తిని గీస్తే ఆ గీత మైనస్ ఒకటి అనే బిందువును చుట్టుకోకూడదు. నాకు ఈ పద్ధతి మీద ఇంత మమకారం ఎందుకంటే, డ్రైవ్ మూత తీయాల్సిన పని లేదు. లోపలి కంట్రోలు సంగతి తయారీదారులు చెప్పరు, కెపాసిటర్ విలువ కూడా చెప్పరు. టెర్మినళ్ల దగ్గర నిలబడి కొలిస్తే ఆ మూసిన డబ్బా తన గుణం తనే చెప్పేస్తుంది.

కొలవడం ఇలా. లెక్క ప్రకారం సరఫరాకు వరుసలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి చిన్న వోల్టేజి ఎక్కించవచ్చు. కానీ 50 ఆంపియర్ల డీసీ దాని గుండా పోతే లోపలి ఇనుప కోరు అయస్కాంతత్వంతో నిండిపోతుంది, ఇక అది పని చేయదు. అందుకే నేను సమాంతరంగా కరెంటు ఎక్కించే దారి పట్టాను. దానికి పవర్ ఆంప్లిఫయర్ కావాలి. నాది ఆ రోజుల్లో బాగుకు పోయింది. ఊళ్లో పెళ్లిళ్లకు మైకుసెట్టు అద్దెకిచ్చే కుర్రవాడు తనది తెచ్చిచ్చాడు. దాని స్పీకర్ తీగలకు వరుసలో 4 ఓమ్‌ల వైరు చుట్టిన రెసిస్టరు, 100 వోల్టులు తట్టుకునే 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి డ్రైవ్ టెర్మినళ్లకు కలిపాను. కెపాసిటర్ 48 వోల్టుల డీసీని ఆంప్లిఫయర్‌లోకి రానివ్వదు. సైన్ తరంగాన్ని ఆసిలోస్కోపు జనరేటరు నుంచి ఇచ్చాను. కరెంటు ఎక్కించిన చోటుకు బ్యాటరీ వైపు ఒక హాల్ క్లాంప్ (తీగను తెంపకుండా చుట్టూ తగిలించి కరెంటు కొలిచేది), డ్రైవ్ వైపు మరొకటి. అక్కడి వోల్టేజిలో కలిగిన మార్పును బ్యాటరీ వైపు కరెంటుతో భాగిస్తే సరఫరా ఇంపెడెన్స్, డ్రైవ్ వైపు కరెంటుతో భాగిస్తే లోడు ఇంపెడెన్స్. ఒకే ఎక్కింపుతో రెండూ దొరుకుతాయి.

క్లాంపు మీద బాణం గుర్తు ఉంటుంది. దాన్ని తిరగేసి తగిలిస్తే దశలో (వోల్టేజి, కరెంటు అలల మధ్య ముందువెనకల తేడాలో) 180 డిగ్రీల తప్పు వస్తుంది, అప్పుడు ఋణ నిరోధం మామూలు నిరోధంలా కనిపిస్తుంది, మనం వ్యవస్థ బాగుందని రాసి ఇంటికి పోతాం. అందుకే ముందు విలువ తెలిసిన 1 ఓమ్ రెసిస్టరును రెండు క్లాంపులతోనూ కొలిచి, విలువ 1 ఓమ్, దశ సున్నా వచ్చేదాకా ముందుకు పోను. ఇంకో మాట. 48 వోల్టులు మనిషికి షాకు కొట్టవనే ధీమాతో చేతి ఉంగరం తీయకుండా పని చేసేవాళ్లను చూశాను. అంత పెద్ద బ్యాటరీల వరుసకు అడ్డంగా ఉంగరమో స్పానరో పడితే అది క్షణంలో ఎర్రగా కాలుతుంది. ఉంగరం, గడియారం తీశాకే పని.

ఊగుతున్న వ్యవస్థను కొలవలేం. ఊగులాట మన చిన్న తరంగాన్ని మింగేస్తుంది. నెమ్మదిగా ఉన్న చోట కొలిచి, అక్కడినుంచి లెక్క కట్టుకుంటూ అంచు దాకా పోవాలి. అందుకని టెర్మినల్ వోల్టేజి 48 దగ్గర ఉన్న వేళ చూసి 1,200, 1,600, 1,800 వాట్ల దగ్గర మూడుసార్లు, 20 హెర్ట్జ్ నుంచి 10 కిలోహెర్ట్జ్ దాకా కొలిచాను. ఒక్కో దఫాకు ముప్పావుగంట పట్టింది. ఆంప్లిఫయర్ నుంచి ఒకటిన్నర ఆంపియర్ల దాకా పంపాను. 400 హెర్ట్జ్ దాటాక మాత్రం కుర్రవాడిని పిలిచి, "తమ్ముడూ, వాల్యూమ్ తగ్గించు" అనాల్సి వచ్చింది. అనునాదం (కేబుల్, కెపాసిటర్ల ఉయ్యాల సొంత ఊపు) దగ్గర పడుతున్న కొద్దీ అదే కరెంటుకు వోల్టేజి ఎగసిపడుతోంది. 510 దగ్గర 0.2 ఆంపియర్లు ఇస్తేనే ఒక వోల్టుకు పైగా ఊగింది. ఆ నాబ్ తిప్పుతున్నప్పుడే జబ్బు ఎక్కడుందో సగం తెలిసిపోయింది.

1,600 వాట్ల దగ్గర సూత్రం ప్రకారం డ్రైవ్ ఋణ నిరోధం 1.44 ఓమ్‌లు. 20 హెర్ట్జ్ దగ్గర నేను కొలిచింది 1.42 ఓమ్‌లు, దశ మైనస్ 170 డిగ్రీలు. అచ్చమైన స్థిర శక్తి లోడు ఎలా ఉండాలో అలాగే ఉంది. ఆ పది డిగ్రీల తేడా డ్రైవ్ లోపలి కెపాసిటర్ వల్ల. పై ఫ్రీక్వెన్సీల వాలు చూస్తే దాని విలువ 1,000 మైక్రోఫారడ్‌లు, దాని సొంత నిరోధం 20 మిల్లీఓమ్‌లు అని తేలింది. బ్యాటరీ వైపు చూస్తే నిరోధం 62 మిల్లీఓమ్‌లు. 42 కేబుల్‌ది, మిగతా 20 బ్యాటరీలు, ఫ్యూజు, కేబుల్ చివర బిగించే లగ్గులు కలిపి. ఇండక్టెన్స్ 95 మైక్రోహెన్రీలు వచ్చింది.

ఆ 95 చూసి ఆగిపోయాను. పక్కపక్కన ఆనుకుని పోయే రెండు తీగలకు 40 మీటర్లలో 22 మైక్రోహెన్రీలకు మించి రాకూడదు. నాలుగు రెట్లు ఎక్కడిది? లేచి కేబుల్ దారి వెంట నడిచాను. ప్రహరీగోడ పైఅంచున ఒక పైపు, గోడ అడుగున మరో పైపు. ప్లస్ పైన, మైనస్ కింద, మధ్యన మీటరు ఎడం. పై పైపులో రెండు లావు తీగలు పట్టలేదు. పైగా డీసీలో ప్లస్, మైనస్ తగిలితే నిప్పు ఆరదని ఎలక్ట్రీషియన్‌కు తెలుసు. ఆ భయం న్యాయమైనదే, అతను జాగ్రత్త కోసమే అలా చేశాడు. కానీ రెండు తీగల మధ్య ఎంత ఖాళీ ఉంటే అంత అయస్కాంత క్షేత్రం అందులో నిలుస్తుంది. మీటరుకు ఇండక్టెన్స్ ఎంతో లెక్క చూడండి: ఎడాన్ని తీగ వ్యాసార్ధంతో భాగించి, దాని సహజ లాగరిథమ్‌కు 0.25 కలిపి, 0.4తో గుణిస్తే మైక్రోహెన్రీలలో వస్తుంది. ఆనుకుని ఉంటే మీటరుకు 0.55. మీటరు ఎడం ఉంటే 2.35. 40 మీటర్లకు 94. నేను కొలిచింది 95.

అసలు తీర్పు 510 హెర్ట్జ్ దగ్గర. అక్కడ కేబుల్ ఇండక్టెన్స్, డ్రైవ్ కెపాసిటర్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మిగిలేది రెండు వైపుల నిరోధ భాగాలే, వాటి మొత్తం సున్నా కిందికి పోతే ఊగులాట మొదలు. సరఫరా వైపు 62 మిల్లీఓమ్‌లు. డ్రైవ్ వైపు, దాని కెపాసిటర్‌తో కలిపి చూస్తే, 1,200 వాట్లకు మైనస్ 30, 1,600కు మైనస్ 46, 1,800కు మైనస్ 54. రెండొందల వాట్లు పెరిగితే 8 మిల్లీఓమ్‌లు కరుగుతున్నాయి. ఈ లెక్కన 2,000 దాటుతూనే 62 చెల్లిపోవాలి. కాగితం మీద రాసి పక్కన పెట్టి లోడు మెల్లగా పెంచమన్నాను. 2,050 వాట్ల దగ్గర తుమ్మెద మేలుకుంది. పెద్దాయన నావైపు చూసి తల పంకించాడు.

తెల్లవారుజామునే ఎందుకన్నదానికీ ఇందులోనే జవాబు ఉంది. రాత్రంతా వాడిన బ్యాటరీ దిగిపోయి టెర్మినల్ దగ్గర 46 వోల్టులే ఉంటాయి. ఋణ నిరోధం వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది కనుక 46 దగ్గర 2,400 వాట్లకు డ్రైవ్ వైపు మైనస్ 83 మిల్లీఓమ్‌లు. పాత కేబుల్‌తో సరఫరా వైపు 78 ఉండేది, అందుకే అప్పుడు పూర్తి లోడులోనే ఆగేది. కొత్త కేబుల్‌తో 62 మాత్రమే. 46 వోల్టుల దగ్గర 2,000 వాట్లకే మైనస్ 68, అందుకే ఇప్పుడు అక్కడే ఆగుతోంది. మధ్యాహ్నం పలకలు చార్జి చేస్తుండగా 54 వోల్టులు. అప్పుడు 2,400 వాట్లకు కూడా మైనస్ 57 దాటదు. పైగా ఎండకు రాగి 20 డిగ్రీలు వేడెక్కితే దాని నిరోధం 8 శాతం పెరుగుతుంది, సరఫరా వైపు ఇంకో మూడు మిల్లీఓమ్‌లు కలిసివస్తాయి. చల్లని రాగి, దిగిన బ్యాటరీ, పూర్తి లోడు, మూడూ కలిసేది తెల్లవారుజామునే.

ఇలాంటి కేసుల్లో మరో చిక్కు ఉంది. వదులైన లగ్గు ఒకటి పది, పదిహేను మిల్లీఓమ్‌లు కలిపి వ్యవస్థను ఊగకుండా ఆపి ఉంచవచ్చు. మంచి మనిషి ఎవరో వచ్చి జాయింట్లన్నీ బిగిస్తాడు, మర్నాటి నుంచి ట్రిప్పులు. బిగించినవాడి మీద నింద పడుతుంది. చెడ్డ జాయింటు వేడెక్కి అగ్గి పుట్టిస్తుంది, దాని దయ మీద ఏ వ్యవస్థనూ నడపకూడదు. ఎవరైనా మరమ్మతు తరువాత జబ్బు పెరిగిందని చెబితే నేను మొదట అడిగేది అప్పుడు ఏ నిరోధం తగ్గిందని.

మందు తేలిక. రెండు తీగలనూ ఒకే దారిన పట్టించాం. నిప్పు భయం తీరాలి కనుక ఒక్కో తీగకు విడిగా రెండో పొర తొడిగి, బ్యాటరీ దగ్గరే రెండు ధ్రువాలకూ డీసీ ఫ్యూజులు పెట్టి, పెద్ద పైపు వేసి రెండింటినీ కలిపి కట్లు కట్టాం. ఎలక్ట్రీషియన్, నేను, సంఘం కుర్రవాళ్లు ఇద్దరు, ఒక పూట పని. మళ్లీ కొలిస్తే ఇండక్టెన్స్ 26 మైక్రోహెన్రీలు. 22 రాకపోవడానికి కారణం ఫ్యూజు పెట్టె దగ్గర తీగలు విడిపోయే చోట్లు. అనునాదం 990 హెర్ట్జ్‌కు జరిగింది. 46 వోల్టులు, 2,400 వాట్ల దగ్గర డ్రైవ్ వైపు మైనస్ 10 మిల్లీఓమ్‌లు, సరఫరా వైపు అదే 62. మైనస్ 83 ఉన్నది మైనస్ 10 అయింది, డ్రైవ్‌ను ముట్టుకోకుండా.

ఇంత అంతరం చాలు. అయినా డ్రైవ్ లోపలి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఏళ్లు గడిచే కొద్దీ ఎండిపోయి విలువ తగ్గుతుంది, అప్పుడు ఈ లెక్క మారుతుంది. అందుకని టెర్మినళ్లకు సమాంతరంగా 4,700 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను 0.15 ఓమ్ రెసిస్టరుతో వరుసలో పెట్టాను. ఆ రెసిస్టరు గుండా నిలకడ కరెంటు పోదు కనుక శక్తి నష్టం దాదాపు లేదు, ఊగులాటకు మాత్రం రాపిడి దొరుకుతుంది. స్విచ్ వేసిన క్షణాన అంత పెద్ద కెపాసిటర్ నిప్పురవ్వలు తీయకుండా, ముందు రెసిస్టరు గుండా మెల్లగా నింపే ఏర్పాటు కూడా చేశాం.

ఏసీ వైపు కూడా ఇదే ప్రశ్న ఎదురవుతుంది, కొలత కష్టం. అక్కడ నిలకడ బిందువు అంటూ ఉండదు, వోల్టేజి తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి దానితోపాటు తిరిగే రెండు అక్షాల మీద కొలిచి, నాలుగు ఇంపెడెన్స్‌ల పట్టికతో నైక్విస్ట్ పరీక్ష చేయాలి, లేదా ధన, ఋణ క్రమాలుగా (ఎదురెదురుగా తిరిగే రెండు భాగాలుగా) విడగొట్టాలి. ఒడిశాలోని జయపురం నుంచి విశాఖపట్నం గాజువాకకు పోయే 400 కిలోవోల్టుల లైను చివర 500 మెగావాట్ల కన్వర్టరు బ్లాకులు రెండున్నాయి. తూర్పు, దక్షిణ గ్రిడ్‌లను కలిపే చోట్లలో ఆ కేంద్రం ఒకటి. అంత పెద్ద కన్వర్టర్ల దగ్గరైనా, ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు పోయే లైను) చివర ఉన్న రైసు మిల్లు పైకప్పు ఇన్వర్టరు దగ్గరైనా, అడగాల్సింది ఇటు ఇంపెడెన్స్ ఎంత, అటు ఇంపెడెన్స్ ఎంత అని. మా ప్రాంతంలో పొడుగాటి ఫీడర్ల చివర సోలార్ ఇన్వర్టర్లు పెరుగుతున్నాయి. మధ్యాహ్నం పూట ఇన్వర్టరు ఊరికే ఆగిపోతోందని ఎవరన్నా అంటే ఆ మాటను తేలిగ్గా తీసిపారేయకండి, తుమ్మెద రొద వినిపించిందా అని అడగండి.

మరుసటి చలికాలం మళ్లీ వెళ్లి అదే మైకుసెట్టుతో కొలిచాను. సరఫరా వైపు 71 వచ్చింది. ఫ్యూజు దగ్గర లగ్గు ఒకటి వదులైంది, ముట్టుకుంటే వెచ్చగా ఉంది. విప్పి శుభ్రం చేసి బిగించాం, 63కు దిగింది. పూర్తి లోడులో అరగంట నిలబడి విన్నాం. కంప్రెసర్ చప్పుడు తప్ప మరేమీ లేదు.

తీసేసిన పాత 25 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ చుట్ట సంఘం గది మూలన పడి ఉంది. రెండు తీగలనూ ఆనించి వేసి ఉంటే ఈ గదికి అదే సరిపోయేది. పక్క ఊళ్లో కడుతున్న శీతల గదికి దాన్ని ఇచ్చేశారు. ఎలక్ట్రీషియన్ అక్కడి గోడ మీద సుద్దతో గీత గీసి నాకు ఫోటో పంపాడు. ఈసారి ఒకటే గీత.